హైలక్స్ ఆటోమేటిక్: గేరుబాక్సు ఆయిల్, ఫిల్టరు ఇంట్లోనే మార్చాలి. మే నెల ఎండలో లెవెల్ ఎలా చూడాలి?

మిర్చియార్డు_పికప్ (గుంటూరు)

అందరికీ నమస్కారం. బండి టొయోటా హైలక్స్, 2.8 డీజిల్ ఆటోమేటిక్, ఫోర్ బై ఫోర్. 86 వేల కిలోమీటర్లు తిరిగింది, వారంటీ అయిపోయింది. మిర్చి టిక్కీలు వేసుకుని హైదరాబాదు రోడ్డు మీద తిరగడమే ఎక్కువ, అప్పుడప్పుడు దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్. గేరుబాక్సు ఆయిల్ ఇంతవరకు మార్చలేదు. గేర్లు బాగానే పడుతున్నాయి. ఒక షెడ్డులో అది లైఫ్ ఆయిల్, ముట్టుకోవద్దన్నారు. ఇంకోచోట మిషన్ పెట్టి ఫ్లష్ కొట్టిద్దామన్నారు, అంటే పాత ఆయిల్‌ని మిషన్‌తో తోసేసి కొత్తది ఎక్కించడం. నాకు ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు మార్చడం అలవాటే. ఈ పని కూడా సొంతంగా చేద్దామనుకుంటున్నా. ఆయిల్ ఎంత కొనాలి, ఫిల్టరు మార్చి తీరాలా, డిప్‌స్టిక్ (లెవెల్ చూసే పుల్ల) లేని బాక్సులో లెవెల్ ఎలా చూడాలి, ఈ మూడూ చెప్పగలరు.

పటమట_పానా (విజయవాడ)

లైఫ్ ఆయిల్ అన్న మాట దగ్గర మొదలుపెడదాం. ఎవరి లైఫ్ అన్నది అక్కడ ఎవరూ చెప్పరు. ఆటోమేటిక్ బాక్సులో ఆయిల్ మూడు పనులు చేస్తుంది. ప్రెషర్‌తో క్లచ్‌లను నొక్కుతుంది, వేడిని మోసుకెళ్లి కూలర్‌లో వదులుతుంది, క్లచ్ ప్లేట్లు ఎంత పట్టాలో ఎంత జారాలో నిర్ణయిస్తుంది. ఆ మూడో పని ఆయిల్‌లో కలిపే రసాయనాలది, అంటే అడిటివ్‌లది. వేడికి ముందు చచ్చేవి అవే. గేరుబాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన ఆటోమేటిక్‌లకు వాడకాన్ని బట్టి 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు, మార్చమంటుంది. బరువుతో ఘాట్ ఎక్కే బండికి కింది అంకె పట్టుకోవడమే న్యాయం. మీరు సరైన టైములోనే ఉన్నారు.

ఆయిల్ విషయంలో రాజీ వద్దండి. హైలక్స్‌కి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్) డబ్ల్యూఎస్ రకం. పాత టొయోటాలలో పోసే టీ-4 కన్నా ఇది పల్చన. రెండూ ఎర్రగానే ఉంటాయి కదా అని ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే గేరు పడే తీరు మారిపోతుంది. డెక్స్రాన్ 3 అనే ఇంకో రకం ఏటీఎఫ్ అసలు వద్దు. సీవీటీ ఆయిల్ ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు, అది బెల్టు బాక్సులది. ఇసుజు వీ-క్రాస్ ఆటోమేటిక్ వాళ్లు ఈ చర్చ చదువుతుంటే, పని పద్ధతి మీకూ దాదాపు ఇదే, ఆయిల్ మాత్రం ఇసుజు మాన్యువల్‌లో రాసిందే.

చాంబర్ (బాక్సు అడుగున ఆయిల్ నిలిచే తట్ట) విప్పి వదిలితే బాక్సులో ఉన్నదంతా రాదు. సగం కన్నా ఎక్కువ ఇంజిన్‌కీ బాక్సుకీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, ఆయిల్ ప్రెషర్‌ని క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీలో ఉండిపోతుంది. ఒకసారికి ఆరు లీటర్లు దగ్గర పెట్టుకుంటే లెవెల్ సరిచేయడానికి కూడా మిగులుతుంది. దాంతోపాటు జాలీ ఫిల్టరు, దాని ఓ-రింగు, చాంబర్ ప్యాకింగు, డ్రెయిన్ ప్లగ్గుకీ లెవెల్ ప్లగ్గుకీ కొత్త వాషర్లు. ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరుతో, బిల్లుతో తీసుకోండి. ఖాళీ డబ్బాలు పారేసే ముందు మేకుతో చిల్లు పెట్టండి. లేకపోతే అవే డబ్బాలు నకిలీ ఆయిల్‌తో మళ్లీ కౌంటర్ మీదకొస్తాయి.

బ్రాడీపేట_బోల్ట్ (గుంటూరు)

పానా గారు చెప్పిన సామాను ముందే పూర్తిగా తెచ్చి పెట్టుకోండి. విప్పాక పరిగెత్తితే చాంబర్ తెరుచుకుని దుమ్ము తింటుంది.

పని వరసలో ఒక్కటి గుండె మీద రాసుకోండి. పోసే ప్లగ్గు వదులయ్యాకే డ్రెయిన్ ప్లగ్గు ముట్టుకోవాలి. పోసే ప్లగ్గు బాక్సు పక్కన, చెయ్యి సరిగా పట్టని చోట ఉంటుంది. ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోతుంది. ఆయిల్ అంతా వదిలేశాక అది రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది, తోలుకెళ్లడానికి కూడా లేదు.

ఇంకో పొరపాటు ఫోర్ బై ఫోర్ బండ్లలోనే జరుగుతుంది. గేరుబాక్సు వెనకాలే, ముందు చక్రాలకు కూడా బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది, దానికీ రెండు ప్లగ్గులు ఉంటాయి. ఒకదానికి బదులు ఇంకోటి విప్పి, ట్రాన్స్‌ఫర్ కేసు ఖాళీ చేసి, గేరుబాక్సులో అదనంగా పోసేసిన బండ్లు షెడ్డులకు వస్తుంటాయి. ఏటీఎఫ్ ఎర్రగా, పల్చగా ఉంటుంది. గేర్ ఆయిల్ తేనె రంగులో, చిక్కగా, ఘాటైన గంధకం వాసనతో. మొదటి చుక్కలు పడగానే చూసుకోండి, తేడా అనిపిస్తే వెంటనే బిగించెయ్యండి.

యార్డు బండి కాబట్టి ఇంకోటి. మిర్చి తొక్కు, దుమ్ము బాక్సు నెత్తిన అట్టలా పేరుకుని ఉంటుంది. పోసే ప్లగ్గు విప్పకముందే దాని చుట్టూ బ్రష్‌తో, పొడి గుడ్డతో శుభ్రంగా తుడవండి. నీళ్ల ప్రెషర్ కొట్టొద్దు. బాక్సులోకి ఒక్క చిటికెడు రేణువులు పడినా అవి తిరిగేది వాల్వ్ బాడీలోనే.

హైలక్స్ ఎత్తు బండి. బక్కపలచటి మనిషైతే జాకీ లేకుండానే కిందికి దూరొచ్చు, అదే మంచిది కూడా, ఎందుకంటే లెవెల్ చూసేటప్పుడు బండి నాలుగు వైపులా సమంగా ఉండాలి. ఎత్తాలంటే నాలుగు స్టాండ్లూ ఒకే ఎత్తులో పెట్టండి. ముందు వైపు మాత్రమే లేపితే ఆయిల్ వెనక్కి జరిగి లెవెల్ ప్లగ్గు అబద్ధం చెబుతుంది. ఇటుకలు, ఒంటి జాకీ మీద కిందికి వెళ్లొద్దు తమ్ముడూ. ఈ విషయంలో మాత్రం వాదన లేదు.

కొండపల్లి_డీజిల్

ఇంజిన్ ఆయిల్ లాగే, బండిని 20 కిలోమీటర్లు తిప్పి, బాగా వేడెక్కాక వదిలితే మురికంతా వస్తుంది. కొత్తది పోశాక కూడా అదే వేడిలో లెవెల్ చూసేస్తే ఒకేసారి పని అయిపోతుంది కదా?

తాడేపల్లి_గేర్లు

డీజిల్ గారూ, ఈ బాక్సులు దెబ్బతినేది సరిగ్గా అక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

డిప్‌స్టిక్ లేని బాక్సులో లెవెల్ చూడటం అంటే, చాంబర్ అడుగున ఉన్న చిన్న ప్లగ్గు విప్పితే లోపల నిలువు గొట్టం ఉంటుంది. ఆయిల్ ఆ గొట్టం అంచు దాటి ఉంటే కారుతుంది, అంచు కన్నా కిందుంటే కారదు. అంటే ఆ గొట్టం కొలిచేది ఆయిల్ ఎత్తుని మాత్రమే. వేడెక్కితే ఆయిల్ వ్యాకోచిస్తుంది, ఎత్తు పెరుగుతుంది. కంపెనీ ఆ గొట్టం ఎత్తు పెట్టింది ఆయిల్ దాదాపు 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్కతో. మీ మాన్యువల్‌లో ఏ రెండు డిగ్రీల మధ్య అని ఉంటే అదే శాసనం.

లెక్క వేసి చూడండి. ఇలాంటి ఆయిల్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.07 శాతం పెరుగుతుంది. బాక్సు మొత్తంలో పది లీటర్లు ఉందనుకుంటే డిగ్రీకి 7 మిల్లీలీటర్లు. 20 కిలోమీటర్లు తిరిగొచ్చిన బండిలో ఆయిల్ 90 డిగ్రీల దగ్గర ఉంటే, ఉండాల్సిన దానికన్నా 50 డిగ్రీలు ఎక్కువ. అంటే 350 మిల్లీలీటర్లు ఉబ్బి ఉంది. ప్లగ్గు విప్పగానే ఆ మేరకు బయటికి కారిపోతుంది. మీరేమో లెవెల్ బాగుందని బిగించేస్తారు. తెల్లారి చల్లబడ్డాక బాక్సులో మూడో వంతు లీటరు తక్కువ. చదును రోడ్డు మీద ఏమీ తెలియదు. ఘాట్‌లో ముక్కు పైకెత్తి మలుపు తిరిగేటప్పుడు జాలీ నోరు ఆయిల్ బయటికొచ్చి, పంపు గాలి పీలుస్తుంది. ప్రెషర్ పడిపోతుంది, క్లచ్ ఒక్క క్షణం జారుతుంది, ఆ జారుడులోనే కాలుతుంది. ఇదే తప్పు అటువైపు కూడా జరగొచ్చు. 25 డిగ్రీల దగ్గర లెవెల్ సరిచేస్తే అదనంగా పోసినట్టవుతుంది. వేడెక్కాక ఆయిల్ తిరిగే భాగాలను తాకి నురగ కడుతుంది, బాక్సుకి గాలి ఆడే బ్రీదర్ గొట్టంలోంచి బయటికి తన్నుతుంది.

డిగ్రీలు చూడటానికి ఓబీడీ (బండి కంప్యూటర్‌ని చదివే సాకెట్) అడాప్టర్, గేరుబాక్సు ఆయిల్ వేడి చూపించే యాప్ ఉంటే చాలు. ఇంజిన్ కూలెంట్ వేడి కాదు, గేరుబాక్సుదే చూడాలి. లేజర్ గన్ను చాంబర్ మీద కొట్టి నమ్మొద్దు. అది పైతోలు వేడి చెబుతుంది, మెరిసే అల్యూమినియం మీద ఇంకా తక్కువ చూపిస్తుంది. చాలా టొయోటాల్లో ఓబీడీ సాకెట్‌లో 4, 13 పిన్నులు కలిపి గేరు లివర్‌తో పరీక్ష మోడ్‌లోకి వెళ్లే పద్ధతి కూడా ఉంది. కానీ 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు నేరుగా ఉంటుంది. వైరు ముక్కతో చీకట్లో తడుముకోవడం కన్నా అడాప్టర్ కొనుక్కోవడం మేలు.

మిర్చియార్డు_పికప్

తాడేపల్లి గారూ, అర్థమైంది. కానీ ఇప్పుడు మన దగ్గర మధ్యాహ్నం నీడలోనే 43, 44 ఉంటోంది. ఆయిల్ 40కి దిగేదెప్పుడు, చూసేదెప్పుడు? డిసెంబరు దాకా ఆగాలా?

తాడేపల్లి_గేర్లు

ఆగక్కర్లేదండి. పనిని రెండు ముక్కలు చేయండి.

సాయంత్రం ఎండ తగ్గాక, బండి ఆగి రెండు మూడు గంటలైన తర్వాత, ఆయిల్ వదలండి. చెయ్యి పెట్టగలిగినంత గోరువెచ్చగా ఉంటే చాలు. మన వాతావరణంలో ఏటీఎఫ్ చిక్కబడే ప్రశ్నే లేదు కాబట్టి సలసల కాగుతున్నప్పుడు వదలాల్సిన అవసరం లేదు. పైగా ఎగ్జాస్టు పక్కనే ఉంటుంది, మోచేతులు కాలతాయి. చాంబర్, జాలీ పని ముగించండి. బయటికొచ్చిన ఆయిల్‌ని చల్లారనిచ్చి మిల్లీలీటర్ల గీతలున్న జగ్గుతో కొలవండి, చాంబర్‌లో మిగిలినదీ, తుడిచినదీ కలిపి. సరిగ్గా అంతే కొత్తది, దాని మీద ఒక పావు లీటరు ఎక్కువ, చేతిపంపుతో పక్క రంధ్రంలోంచి ఎక్కించండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా రాత్రికి వదిలెయ్యండి.

తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు మధ్య మొదలుపెట్టండి. మే నెలలో కూడా ఆ వేళకి ఆయిల్ 30 చుట్టూ ఉంటుంది. చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు, హ్యాండ్‌బ్రేక్. ఏసీ, లైట్లు ఆపేయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి పట్టి, పీ నుంచి ఒక్కో గేరులో ఐదారు సెకన్లు ఉంచుతూ కిందిదాకా, మళ్లీ పీకి. ఈ పని జరిగేటప్పుడు బండి కింద ఎవరూ ఉండకూడదు. మళ్లీ చెబుతున్నా, ఎవరూ. లివర్ పీలోకి వచ్చి, సీట్లో ఉన్న మనిషి చెయ్యి తీశాకే కిందికి వెళ్లాలి.

ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తూ ఉండగానే, మాన్యువల్‌లోని కింది అంకె రాగానే లెవెల్ ప్లగ్గు విప్పండి. మొదట గొట్టంలో నిలిచిన కొద్దిపాటి ఆయిల్ పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత సన్నటి ధారగా పడుతూ ఉంటే ఎక్కువైనట్టు, ధార చుక్కలయ్యేదాకా ఆగండి. ఏమీ రాకపోతే పక్కనుంచి 100 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించండి. ధార తెగి చుక్కలుగా మారిన క్షణమే ప్లగ్గు పెట్టండి. పై అంకె దాటిపోతే తొందరపడి బిగించి సరిపెట్టుకోవద్దు. ఇంజిన్ ఆపి, మర్నాడు తెల్లవారుజామున మళ్లీ చూడండి. మన ఊళ్లో వేసవి పూట లెవెల్ చూడటానికి దొరికే సమయం చిన్నది, దాన్ని గౌరవించాల్సిందే.

బ్రాడీపేట_బోల్ట్

చాంబర్ సంగతి నేను పూర్తిచేస్తా.

ఆయిల్ వదిలాక కూడా చాంబర్‌లో లీటరు దాకా ఉండొచ్చు. బోల్టులన్నీ ఒకేసారి విప్పితే మొహం మీదే. ఒక మూల రెండు బోల్టులు సగం దాకా ఉంచి, ఎదుటి మూల దించి, ట్రేలోకి వంచండి. అతుక్కుని ఉంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, అల్యూమినియం అంచు మీద గీత పడితే జీవితాంతం లీకే. ప్లాస్టిక్ గరిటె లాంటిది వాడండి.

అడుగున అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే భయం లేదు, 86 వేలకి అది సహజం. వేళ్ల మధ్య రాస్తే కాటుకలా జారాలి. గుచ్చుకునే రేకులు, ఇనుప ముక్కలు ఉంటే గేర్లో బేరింగో పోతున్నట్టు. అయస్కాంతానికి అంటని ఇత్తడి రంగు మెరుపులు బుష్‌లవి. నల్లటి పొట్టులాంటి రేకులు, మాడిన వాసన కలిసి ఉంటే అవి క్లచ్ లైనింగులు. అలాంటి బాక్సుకి కొత్త ఆయిల్ వైద్యం కాదు. కొత్త ఆయిల్ పోశాకే బాక్సు పోయిందనే మాట ఇక్కడ నుంచే పుట్టింది. గేర్లు జారడం మొదలయ్యాక ఆయిల్ మార్చినవాళ్ల బాక్సులవి, ఆయిల్ వాటిని చంపలేదు. అయస్కాంతాలు ఏ గుంటలో ఉన్నాయో ఫోటో తీసుకుని, తుడిచి, అక్కడే పెట్టండి.

జాలీ ఫిల్టరు లాగినప్పుడు దాని మెడకున్న ఓ-రింగు ఒక్కోసారి పైన రంధ్రంలోనే ఉండిపోతుంది. టార్చ్ వేసి, వేలు పెట్టి చూసి తీయండి. పాతది లోపలుండగా కొత్త ఫిల్టరు కొత్త రింగుతో ఎక్కిస్తే మెడ సరిగా కూర్చోదు, ఆ సందులోంచి పంపు గాలి పీలుస్తుంది. లెవెల్ సరిగ్గా ఉండి కూడా గేర్లు జారే బండ్లలో చూడాల్సిన మొదటి చోటు ఇదే. కొత్త రింగుకి కొత్త ఏటీఎఫ్ రాసి పెట్టండి, గ్రీజు వద్దు. ఫిల్టరు మార్చి తీరాలా అంటే, వట్టి లోహపు జాలీ అయితే కడిగి పెట్టొచ్చు, లోపల ఫెల్టు ఉన్నదైతే కడిగినా రాదు. ఇంతదూరం విప్పాక కొత్తదే వెయ్యండి.

తుడవడానికి బనియన్ వేస్టు, కాటన్ వేస్టు వాడొద్దు. ఒక్క నూలుపోగు సొలెనాయిడ్ (కరెంటుతో కదిలే వాల్వ్) లో ఇరుక్కుంటే గేరు ఇరుక్కుంటుంది. పోగులు రాలని గుడ్డే వాడాలి. ప్యాకింగు ఉన్న చోట సిలికాన్ పూయొద్దు. పిండినప్పుడు లోపలికి వచ్చే సిలికాన్ తీగలు తెగి నేరుగా జాలీకి చుట్టుకుంటాయి.

బోల్టులు చిన్నవి, ఎం 6 రకం, అల్యూమినియంలోకి దిగేవి. 20 సెంటీమీటర్ల పానా చివర ఐదు కిలోల బలం పెడితేనే 10 న్యూటన్ మీటర్లు అవుతుంది, వీటికి అంత కూడా అక్కర్లేదు. మాన్యువల్ అంకెకు సెట్ చేసిన చిన్న టార్క్ పానాతో, మధ్య నుంచి అంచులకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో. ఇంపాక్ట్ గన్ దగ్గరకే రానివ్వొద్దు. ఎవరైనా ఇంతకుముందే గట్టిగా బిగించి ఉంటే చాంబర్ అంచులో బోల్టు రంధ్రాల చుట్టూ గుంటలు పడి ఉంటాయి. చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో సమం చెయ్యకపోతే కొత్త ప్యాకింగు కూడా ఆగదు.

సింగ్‌నగర్_స్టీరింగ్ (విజయవాడ)

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొంటున్నవాళ్ల కోసం ఒక ముక్క. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా వైపు ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గేరుబాక్సుకి బ్రీదర్ గొట్టం ఉంటుంది, నీరు అంతకన్నా పైకొస్తే లోపలికి దిగుతుంది. ఆయిల్ రోజ్ మిల్క్ రంగులోకి మారి ఉంటే నీరు గానీ కూలెంట్ గానీ కలిసిందన్నమాట. వరద చూడని బండిలో అదే రంగు కనిపిస్తే కూలర్ లోపల చిల్లు పడి రెండూ కలుస్తున్నాయి, అది మార్చకుండా ఆయిల్ మార్చడం డబ్బు పారబోయడమే.

రంగు తేలకపోతే లెవెల్ ప్లగ్గు నుంచి రెండు చుక్కలు పట్టి, బయట, కళ్లద్దాలు పెట్టుకుని, వేడి పెనం మీద వెయ్యండి. చిటపటమంటే నీరుంది. క్లచ్ లైనింగు కాగితం జాతి, నీటిని పీల్చుకుంటుంది, అతికించిన జిగురు వదులుతుంది. అప్పటికే అలా నడిపి ఉంటే మూడుసార్లు ఆయిల్ మార్చినా లైనింగు తిరిగి అతకదు. ఇంకా స్టార్ట్ చేయని బండి అయితే మాత్రం స్టార్ట్ చేయకుండా ఆయిల్ వదలడమే దాన్ని కాపాడే అవకాశం.

కొండపల్లి_డీజిల్

తాడేపల్లి గారూ, లెక్క ఒప్పుకుంటున్నాను, మంచి విషయం తెలిసింది. మరి ఫ్లష్ సంగతి? ఒకసారి వదిలితే సగం పాతదే ఉండిపోతుంది కదా.

పటమట_పానా

ఉండిపోతుంది. పదిలో నాలుగు లీటర్లు మారిందనుకుందాం. మొదటిసారికి 40 శాతం కొత్తది. వెయ్యి కిలోమీటర్లు తిరిగి మళ్లీ మారిస్తే 64. మూడోసారికి 78. రెండోసారీ మూడోసారీ చాంబర్ విప్పక్కర్లేదు, ప్లగ్గు వదిలి, అంతే పోసి, లెవెల్ చూడటమే. వాల్వ్ బాడీకి ఇంతకన్నా సౌమ్యమైన పద్ధతి లేదు. అందుకే ఎప్పుడూ మార్చని బాక్సుకి నా సలహా ఇదే.

మిషన్ చెడ్డదని కాదు. జాలీ మార్చకుండా, పాత మురికి ఉన్న చాంబర్‌తోనే మిషన్ పెట్టడం చెడ్డ పని. పైగా ముందు బండిలో వాడిన వేరే ఆయిల్ దాని గొట్టాల్లో ఉండిపోతుంది. కూలర్ పైపు విప్పి ఇంజిన్‌తోనే బకెట్‌లోకి తోలే పద్ధతి ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకి వద్దు. పోసే చెయ్యి అర నిమిషం ఆలస్యమైతే పంపు ఎండిపోతుంది.

పాత ఆయిల్‌ని మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కి వెళ్లే సేకరణ ఉన్న చోటే ఇవ్వండి. వాడిన ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. బందరు కాలవలోనో, ఏలూరు కాలవలోనో, ఇంటి ముందు డ్రైనేజీలోనో పోస్తే ఆ నీళ్లు కింద పొలాలకే వెళ్తాయి.

మిర్చియార్డు_పికప్

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఆదివారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారం తెల్లవారుజామున లెవెల్ చూస్తాను. చివరిగా ఒకటి. మార్చాక గేరు కొంచెం కుదుపుగా పడితే కంగారు పడాలా?

తాడేపల్లి_గేర్లు

మొదటి కొన్ని పదుల కిలోమీటర్లలో పల్చటి కుదుపు ఉండొచ్చు. పాత ఆయిల్ పట్టుకి అలవాటైన ప్రెషర్లను కంప్యూటర్ మళ్లీ నేర్చుకుంటుంది. ఖాళీ బండితో, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ అన్ని గేర్లూ పడేలా తిప్పండి. రెండు రోజుల్లో తగ్గకపోతే స్కానర్‌తో గేరుబాక్సు లెర్నింగ్ రీసెట్ చేయించాలి. కుదుపు కాకుండా ఇంజిన్ మోత పెరిగి బండి కదలకపోయినా, డీలో పెట్టాక పట్టడానికి రెండు సెకన్లు తీసుకున్నా అది నేర్చుకోవడం కాదు. అక్కడే ఆపి, మొదట లెవెల్, తర్వాత జాలీ ఓ-రింగు చూడండి.

బ్రాడీపేట_బోల్ట్

50 కిలోమీటర్లు తిరిగాక చాంబర్ అంచు వేలితో తడిమి చూడండి, తమ్ముడూ. తడి తగిలితే బోల్టులు మళ్లీ బిగించకుండా, ముందు శుభ్రంగా తుడిచి ఇంకో రోజు చూడండి. పోసేటప్పుడు బాక్సు పక్కన ఒలికింది కిందికి జారి లీకులా కనిపించడం చాలా మామూలు.